పేరు ఎవరిది, పని ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ టేబుల్ మీద పరిచి చదివాను. ప్రశ్నలు వేరువేరుగా ఉన్నా చాలావాటి అడుగున ఉన్నది ఒకటే: చేసిన పనికి పేరు ఎవరికి దక్కాలి? ముప్పై ఏళ్లు బాటనీ చెప్పాను, పదకొండు మంది చేత పీహెచ్‌డీ చేయించాను. స్కాలర్ కుర్చీలోనూ, గైడు కుర్చీలోనూ కూర్చున్నదాన్ని. నాకు తెలిసినంత చెప్తాను.

ప్రశ్న: మా గైడు సారు మంచివారు. కానీ నా మొదటి పేపర్ జర్నల్‌కి పంపే ముందు మా డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్న ఇంకో సారు పేరు కూడా పెట్టమన్నారు. ఆయనకు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందట. ఆయన నా పని ఒక్కరోజు కూడా చూడలేదు. కాదంటే వైవా (థీసిస్ మీద జరిగే చివరి మౌఖిక పరీక్ష) దాకా నా గతేమిటి?
– రీసెర్చ్ స్కాలర్, హనుమకొండ

బిడ్డా, నీ భయం పిరికితనం కాదు. గైడు సంతకం లేనిదే ఫెలోషిప్ బిల్లు కదలదు, సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) కదలదు, థీసిస్ కదలదు. అంత అధికారం ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి ‘కాదు సార్’ అనడం ఎంత బరువో నాకు తెలుసు.

1987లో నేను నర్సంపేట వైపు మిరప తోటల్లో ఆకుముడత మీద రెండు సీజన్లు తిరిగాను. పొద్దున ఆరింటి బస్సు ఎక్కేదాన్ని. ఒక్కో తోటలో వంద మొక్కలు లెక్కబెట్టి, ఎన్నింటికి ముడత వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఆకులను పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన ఇటుకలు పెట్టి ఆరబెట్టేదాన్ని. ఒకరోజు వాన పట్టుకుంది. 46వ పేజీలో సిరా పాకిపోయింది. పోయిన అంకెలను గుర్తు తెచ్చుకొని పక్కనే పెన్సిల్‌తో దిద్దుకున్నాను. మరుసటి ఏడాది మా సీనియర్ ఒకాయన పేపర్ అచ్చయి వచ్చింది. రెండో పట్టికలో ఉన్నవి నా అంకెలే. నేను పెన్సిల్‌తో దిద్దిన 37 కూడా అట్లనే ఉంది. అట్టడుగున ‘ఒక విద్యార్థిని సహకరించింది’ అని ఒక్క వాక్యం. నేనేమీ అనలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడు నోరు తెరవనందుకు బాధ లేదని కాదు. కానీ పని మొదలుపెట్టిన రోజునే ‘ఎవరి పేరు ఎక్కడ’ అని అడగకపోయానే అన్న బాధ దానికంటే పెద్దది.

ఇక నీ సంగతి. పేరు ఎవరికి ఇవ్వాలన్నది ఒకరి ఇష్టం మీద నడిచే వ్యవహారం కాదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. ఇప్పుడు వేరే శాస్త్రాల పత్రికలు కూడా చాలావరకు వాటినే పట్టుకుంటున్నాయి. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. రాయడంలోనో, గట్టిగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతి చదివి ఒప్పుకొని ఉండాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పడానికి సిద్ధపడాలి. ఈ నాలుగూ ఉన్నవాళ్లే రచయితలు. మైక్రోస్కోప్ ఇచ్చినవారికి, శాంపిల్ ఇచ్చినవారికి, గది తాళం ఇచ్చినవారికి చెప్పాల్సింది కృతజ్ఞత. దానికి పేపర్ చివర వేరే చోటు ఉంది.

ఈ నాలుగు షరతులూ నువ్వు వెళ్లి సారుకి పాఠంలా అప్పజెప్పకు. ఆ పని జర్నల్ ఫారం చేస్తుంది. చాలా జర్నళ్లు ఇప్పుడు ఎవరు ఏ పని చేశారో రాయమంటున్నాయి. ‘క్రెడిట్’ అనే పద్ధతిలో పద్నాలుగు రకాల పనుల పట్టిక ఉంటుంది. ఆ ఫారం ప్రింట్ తీసుకొని, నీ పేరుకూ గైడు పేరుకూ ఎదురుగా నింపి, మూడో పేరు ఎదురుగా ఖాళీ వదిలి సారు దగ్గరికి వెళ్లు. “సార్, వీరికి ఏది రాయాలో నాకు తెలియడం లేదు, మీరు చెప్పండి” అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. నా అనుభవంలో మంచి గైడు ఆ ఖాళీ గళ్లు చూసి తనే ఆగిపోతాడు. ఆగకపోతే ఇంకో దారి ఉంది. ఆ సారు నిజంగా కొంత పని చేయడానికి ఒప్పుకుంటారేమో అడుగు. డేటా మొత్తం ఇచ్చి లెక్కలు మళ్లీ చేసి చూడమను. చేసి, తప్పులు పట్టి, ఒక భాగం తిరగరాస్తే ఆ పేరు న్యాయంగా వచ్చినట్టే.

రెండూ కుదరకపోతే? విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో నువ్వు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని చూపించి, చిన్న రిపోర్ట్ ఇవ్వాలి. అందులో ఈ పేపర్‌కు నువ్వు ఏమేం చేశావో తేదీలతో రాయి. ఎవరి మీదా ఫిర్యాదు రాయకు, చేసిన పని మాత్రమే రాయి. ఆ కాగితం ఫైల్లో ఉంటుంది. ఇన్ని చేసినా ఒత్తిడి తట్టుకోలేక ఆ పేరు పెట్టాల్సి వస్తే నిన్ను నేను తప్పుపట్టను. ఆ తప్పు అడిగినవాళ్లది, అడిగించుకున్నవాళ్లది. నీ పేరు మాత్రం మొదట ఉండాలి. అక్కడ తగ్గకు.

వచ్చే పేపర్‌కి మొదటి రోజే అడుగు: “సార్, ఇందులో ఎవరెవరం ఉంటాం, ఏ వరసలో ఉంటాం, ఒక కాగితం మీద రాసుకుందామా?” పని అయ్యాక అడిగితే అది పేచీ అనిపించుకుంటుంది. మొదట్లో అడిగితే పద్ధతి తెలిసిన పిల్ల అంటారు.

ప్రశ్న: రెండో చాప్టర్ ఇచ్చి మూడు నెలలైంది. మేడం చదవలేదు. గుర్తు చేస్తే కోప్పడతారేమోనని రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ మాత్రం పెడుతున్నాను.
– స్కాలర్, జనగామ

ఆ గుడ్ మార్నింగ్‌లు రేపటి నుంచి ఆపెయ్యమ్మా. అవి నీ చాప్టర్‌ని గుర్తు చేయవు. నీ పేరు కనబడగానే చూడకుండా దాటేసే అలవాటు మాత్రం చేస్తాయి.

అరవై పేజీలు ఒక్కసారి ఇస్తే నేనూ పక్కన పెట్టినదాన్నే. ‘సెలవుల్లో నిదానంగా చూద్దాం’ అనుకునేదాన్ని. సెలవులు రావడం, పోవడం కూడా అయ్యేది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి మాత్రం పది పేజీలే తెచ్చేది, అదీ జిరాక్స్ తీయించి, పక్కన దిద్దడానికి రెండు వేళ్ల వెడల్పు మార్జిన్ వదిలి. “మేడం, ఆరో పేజీలో ఈ పేరా నిలబడుతుందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు” అనేది. ఆరో పేజీ కోసం మొదలుపెట్టి పదీ చదివేదాన్ని. ఆమె థీసిస్ అందరికంటే ముందు అయిపోయింది.

కాబట్టి మెసేజ్ ఇట్లా పెట్టు: “మేడం, రెండో చాప్టర్‌లో 14 నుంచి 22 పేజీల దాకా మీ అభిప్రాయం కావాలి. గురువారం మధ్యాహ్నం గానీ శుక్రవారం గానీ పదిహేను నిమిషాలు వచ్చి కలవనా?” రాత్రి పది దాటాక పెట్టకు. కలిసి వచ్చాక ఆ రాత్రే నాలుగు లైన్లు మెయిల్ చెయ్యి, మేడం ఏం చెప్పారో, నువ్వు ఎప్పటికి ఏం చేస్తావో. ఏడాది తర్వాత ‘నేనట్లా చెప్పలేదే’ అన్న మాట వస్తే ఇద్దరినీ కాపాడేవి ఆ నాలుగు లైన్లే.

ప్రశ్న: ఒక అంతర్జాతీయ జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. నాలుగున్నర వేలు కడితే మూడు రోజుల్లో పేపర్ వేస్తారట. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ ఉండాలి కదా, వేయించుకోమంటారా?
– పరిశోధకుడు, మహబూబాబాద్

వద్దు నాయనా. మీ అమ్మానాన్న కష్టార్జితం అట్లా పోనివ్వకు.

మూడు రోజుల్లో ఇద్దరు నిపుణులు ఒక పేపర్ చదివి, ప్రశ్నలు వేసి, నీ జవాబులు చూసి ఒప్పుకోవడం జరగని పని. అంటే అక్కడ చదివేవాళ్లే లేరు. ఒకే సంచికలో వృక్షశాస్త్రం, కామర్స్, తెలుగు సాహిత్యం, సివిల్ ఇంజినీరింగ్ కలిపి వేస్తున్నారా చూడు. డబ్బు ఒక మనిషి ఫోన్ నంబర్‌కి పంపమంటున్నారా చూడు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) అని గొప్పగా వేసుకుంటారు. అసలుది క్లారివేట్ అనే సంస్థ ఇచ్చేది ఒక్కటే. దాన్ని పోలిన పేర్లతో ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకుంటున్నారు. స్కోపస్ (పరిశోధన జర్నళ్ల అంతర్జాతీయ సూచిక) అని బొమ్మ వేసి ఉంటే నమ్మకు. స్కోపస్ జర్నళ్ల జాబితా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ప్రతి జర్నల్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ కొట్టి నువ్వే వెతుకు. నంబర్ దొరికినా ఆ జాబితాలో ఉన్న వెబ్‌సైటూ నీకు మెయిల్ పంపిన వెబ్‌సైటూ ఒకటేనా కాదా చూడు. మంచి జర్నల్ పేరుతో దొంగ సైట్లు పెట్టేవాళ్లున్నారు.

ఇంతకుముందు నమ్మదగ్గ జర్నళ్లతో యూజీసీ కేర్ జాబితా అని ఒకటి ఉండేది, దాన్ని చూసుకునేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఎత్తేసి, మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత విద్యాసంస్థలకే అప్పజెప్పింది. ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియదు: థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. విశ్వవిద్యాలయం తన సొంత నియమంగా పెట్టుకొని ఉండవచ్చు. అందుకే ముందు మీ ఆఫీసుకు వెళ్లి, మీ బ్యాచ్‌కి ఏ నియమం వర్తిస్తుందో కాగితం చూపించమని అడుగు. లేని షరతుకు భయపడి డబ్బు కట్టినవాళ్లను నేను చూశాను.

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. డెలివరీ అయ్యాక మళ్లీ రిజిస్ట్రేషన్ చేసుకోవాలా? ఇంట్లో మానెయ్యమంటున్నారు.
– స్కాలర్, కరీంనగర్

మానొద్దు తల్లీ. పీహెచ్‌డీ మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు తీసుకునే వీలు మహిళలకు ఉంది. మామూలు గడువు ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు ఆ పైన మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లు మించకుండా. సెలవు కావాలని ఇప్పుడే రాసి, అందినట్టు ముద్ర వేయించుకో. ఇంట్లోవాళ్లకు ఈ పేరా చదివి వినిపించు.

ప్రశ్న: నేను వరంగల్ దరీల (మగ్గం మీద నేసే తివాచీల) మీద పరిశోధన చేస్తున్నాను. కొత్తవాడలో ఒక పెద్దాయన డిజైన్ల లెక్కలన్నీ నేర్పారు. అప్పుల సంగతులు కూడా మనసు విప్పి చెప్పారు. థీసిస్‌లో ఆయన్ని ‘సమాచారదాత 14’ అని రాయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– పరిశోధక విద్యార్థి, వరంగల్

ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. మనసొప్పకపోవడమే సరైనది. మీ గైడు చెప్పిందీ తప్పు కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

పేరు దాచడం ఎందుకు వచ్చింది? చెప్పిన మాట వల్ల మనిషికి నష్టం రాకూడదని. షావుకారి దగ్గర ఎంత బాకీ, మజూరీ ఎంత తక్కువ ఇచ్చారు, సంఘంలో ఎవరు ఎవరిని ముంచారు వంటి మాటలకు పేరు తగిలిస్తే రేపు ఆయనకు నూలు పుట్టకపోవచ్చు. అక్కడ 14 అనే అంకె ఆయనకు గొడుగు. అదే డిజైన్ దగ్గరికి వచ్చేసరికి సంగతి తిరగబడుతుంది. రంగు మారే చోట రెండు పోగులు ఎట్లా కొక్కెం వేసుకోవాలి, మూలన పూవు తిరగాలంటే ఎన్ని పోగులు వదలాలి అన్నది ఆయన విద్య. నువ్వు పుస్తకం నుంచి ఒక వాక్యం తీసుకుంటే రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్ రాస్తావు. మనిషి నోటి నుంచి ఒక విద్య మొత్తం తీసుకొని అంకె వేస్తే ఎట్లా?

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో మన ఓరుగల్లు తివాచీలు పెట్టారు. వాటిని మెచ్చుకున్న రాతలు చదివాను. నేసినవాళ్ల పేరు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు ఊరికీ, వస్తువుకూ. ఫలానా డిజైన్ ఫలానా చేతుల్లో ఇట్లా పుట్టిందని రాసి పెట్టగలిగేది నీలాంటి పరిశోధకులే.

కాబట్టి రెండుగా విడదీయి. డిజైన్ల అధ్యాయంలో, ఆయన ఒప్పుకుంటే, పూర్తి పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాయి. బాకీల అధ్యాయంలో అంకె వెయ్యి. అంకె వేసినంత మాత్రాన దాగిపోతారనుకోకు. ‘డెబ్బై రెండేళ్లు, ఎడమ చేతి వాటం, ఇద్దరు కొడుకులూ సూరత్‌లో’ అని రాస్తే ఆ వీధిలో చిన్నపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు. అక్కడ వయసు ‘అరవై పైబడిన’ అని సరిపెట్టు, మిగతా ఆనవాళ్లు తీసెయ్.

ఒప్పుకోలు కూడా ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే కాదు. ఆయన మాట్లాడే తెలుగులో చెప్పి అడగాలి. మొదట ఒకసారి అడుగు. రాశాక ఆయన గురించి ఉన్న పేజీలు ఆయన ముందు కూర్చొని చదివి, ఇంకోసారి అడుగు. నా దగ్గర చదివిన ఒకబ్బాయి ములుగు వైపు ఒక ముసలమ్మ దగ్గర మందుమొక్కల వివరాలు రాసుకుంటుంటే ఆమె అడిగిందట, “గిదంతా రాస్కొని ఏం జేస్తవ్ బిడ్డా?” అని. వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరికి వచ్చి తల వంచుకొని కూర్చున్నాడు. తర్వాత ఆ అధ్యాయం మొత్తం నాలుగు పేజీల తెలుగులోకి తెచ్చి ఆమెకు చదివి వినిపిస్తే, రెండు మొక్కల పేర్లు తారుమారయ్యాయని ఆమే పట్టుకుంది. నేను గానీ, బయటి పరీక్షకులు గానీ పట్టుకోలేకపోయాం.

ఇంకొక్కటి. మగ్గం మీద ఉన్నవాళ్లను ఆపి మాట్లాడకు. నీతో కూర్చున్న రెండు గంటలూ ఆయన దరీ నడవదు, కూలి పడదు. అన్నం వేళకో, పోగు తెగి మగ్గం ఆగినప్పుడో కూర్చో. బైండింగ్ చేయించే కాపీల లెక్కలో ఆయనది ఒకటి ఇప్పుడే కలుపుకో.

ప్రశ్న: నా థీసిస్ తెలుగులో. ఇంగ్లిష్ పుస్తకాల నుంచి అనువదించి పెట్టిన పేరాలు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌కి చిక్కవు. పది శాతం లోపే వచ్చింది. పరవాలేదు కదా?
– పేరు వద్దు, జగిత్యాల

పరవా ఉంది. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం దాకా పోలికకు శిక్ష లేదన్నారు. దొంగిలించిన పేరాలకు అది పర్మిషన్ కాదు. అనువాదం నీది, ఆలోచన వేరేవాళ్లది. ఆ వేరేవాళ్ల పేరు ప్రతి చోటా రాయి. థీసిస్ అయ్యాక శోధ్‌గంగ అనే థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కుతుంది, ఎవరైనా తెరిచి చదువుతారు. ఆ ఇంగ్లిష్ పుస్తకం చదివిన తెలుగు మనిషి ఒక్కరు చాలు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఇంకా సమర్పించలేదు కదా, ఈ వారంలో సరిచేసుకో.

ప్రశ్న: పోయిన ఏడాది మా పేపర్ అచ్చయింది. మొన్న ఎక్సెల్ షీట్ తెరిస్తే ఒక కాలమ్ కింది వరసకు జరిగిపోయి ఉంది. టేబుల్ 3 మొత్తం తప్పు. సహ రచయితలు ‘ఎవరు చూడొచ్చారు, వదిలెయ్’ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.
– ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకుడు, కాజీపేట

తమ్ముడూ, ఎవరూ చూడరన్నది నిజం కాకపోవచ్చు. ఎవరో ఒకరు ఆ టేబుల్ నమ్మి తమ పని దాని మీద కట్టుకుంటూ ఉండవచ్చు. ఆ అబ్బాయి ఆరు నెలలు ఎందుకు కుదరడం లేదో తెలియక తనలోనే తప్పు వెతుక్కుంటాడు. నువ్వు ఆలోచించాల్సింది అతని గురించి.

ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ అని రసాయనశాస్త్రంలో 2018 నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఉన్నారు. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన తమ పేపర్‌లోని ఫలితాలు మళ్లీ చేస్తే రావడం లేదని, 2020 జనవరిలో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నామని ఆమే అందరికీ చెప్పి క్షమాపణ అడిగారు. ఆమె గౌరవం ఏమీ తగ్గలేదు. నాకైతే పెరిగింది.

ముందు టేబుల్ సరిచేసి, లెక్కలు మొదటి నుంచి మళ్లీ చెయ్యి. ముగింపు నిలబడుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. నిలబడితే సవరణ వేస్తారు. నిలబడకపోతే పేపర్ వెనక్కి తీసుకోవాలి. పాత టేబులూ కొత్త టేబులూ పక్కపక్కన పెట్టి సహ రచయితలందరికీ ఒకే రోజు, ఒకే మెయిల్‌లో పంపు. ఒకరికి ముందు, ఒకరికి వెనక చెప్తే చాటుమాటు మాటలు మొదలవుతాయి. ‘ఎవరు తప్పు చేశారు’ అన్న వాక్యం అందులో ఉండకూడదు. ‘కాలమ్ జరిగింది, ఇదీ సరైన లెక్క, ఫలానా తేదీన ఎడిటర్‌కి రాస్తున్నాను’ అని మాత్రం ఉండాలి. వారం గడువివ్వు. వాళ్లు ఒప్పుకోకపోయినా నువ్వు ఎడిటర్‌కి రాయవచ్చు, రాయాలి కూడా. పాత ఎక్సెల్ ఫైల్‌ని మాత్రం చెరపకు, దాని మీదే దిద్దకు. తేదీ వేసి కాపీ తీసి పక్కన పెట్టు. ఎడిటర్ మొట్టమొదట అడిగేది దాన్నే.